ముప్పై ఏడో చీటీ

ఉద్యోగంలో చేర్చుకునే ముందు మేనేజరు అడిగిన ప్రశ్న ఒక్కటే: జనంతో వేగిన అనుభవం ఉందా అని. పదమూడేళ్ళ కాపురం ఉందని చెప్పింది ఉడత తల్లి. ఆయన నవ్వి మర్నాటి నుంచే రమ్మన్నాడు. ఆ నవ్వులో జాలి పాలెంతో ఆమెకి వారం తిరిగాక గాని తెలియలేదు.

అది పిల్లల ఆటల కేంద్రం. ఒక పక్క ఈతకొలను, ఇంకో పక్క బ్యాడ్మింటన్ కోర్టులు, నడుమ గాజుగోడ కట్టిన జిమ్నాస్టిక్స్ హాలు. వీటన్నిటికీ ముందు, వీధి తలుపుకి ఎదురుగా, ఒక చెక్క కౌంటరు. కౌంటర్లో కూర్చున్న మనిషికి వీధి కనిపిస్తుంది గాని, గాజుగోడ వీపు వెనక పడుతుంది. పిల్లల ఆట చూసే భాగ్యం ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నవాళ్ళది. కౌంటరు లోపలి అంచుకి మేనేజరు స్వయంగా రాసి అంటించిన కాగితం ఉంది. నవ్వాలి, క్షమించమనాలి, కాసేపు ఆగమనాలి, పిల్లలు లోపల ఉన్నంతసేపూ ఈ కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఈ నాలుగూ ఆమె ఇంట్లో ఇన్నేళ్ళుగా చేస్తున్నవే. కాకపోతే అక్కడ ఎవరూ కాగితం అంటించలేదు.

అక్కడి వ్యవహారమంతా చీటీల మీద నడుస్తుంది. లోపలికి వెళ్ళే ప్రతి పిల్ల మణికట్టుకీ అంకె వేసిన ప్లాస్టిక్ పట్టీ బిగిస్తారు. అదే అంకె ఉన్న చీటీ వెంట వచ్చిన పెద్దవాళ్ళకి ఇస్తారు. ఆట అయ్యాక చీటీ ఎవరు తెస్తే పిల్ల వాళ్ళది. చీటీ పుచ్చుకుని, పట్టీని కౌంటర్లో కత్తెరతో కత్తిరించి, పిల్లని అప్పగించాలి. పోలికలు, బంధుత్వాలు, కన్నీళ్ళు ఏవీ చెల్లవు. పట్టీ అక్కర్లేని పిల్ల ఒక్కతే ఉంది, ఉడత. కౌంటరావిడ కూతురికి చీటీ ఏమిటని అందరూ అనుకున్నారు. ఎవరి పిల్లో అందరికీ తెలుసు కదా.

ఉడతకి పదేళ్ళు. నేల మీద కాలు నిలవదని వాళ్ళ నాయనమ్మ పెట్టిన పేరది. శనివారం మధ్యాహ్నాలు తల్లితో వచ్చి నాలుగింటి బ్యాచిలో జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటుంది. ఆ శనివారం మొదటిసారి, కోచ్ చెయ్యి ఆసరా లేకుండా, వెనక్కి పల్టీ కొట్టబోతోంది. పొద్దున పళ్ళు తోముకుంటూ ఒకసారి, బస్సులో ఒకసారి, గుమ్మంలో ఒకసారి తల్లి చేత మాట తీసుకుంది.

"నాలుగున్నరకి ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు చాలు. నువ్వు చూడకపోతే నేను కొట్టనట్టే లెక్క."

"చూస్తానన్నాను కదే. చూడకపోతే అప్పుడడుగు" అంది తల్లి.

రెండింటికి వాన పట్టుకుంది. రెండున్నరకి కంప్యూటరు కన్ను మూసింది. మేనేజరుకి ఫోను చేస్తే, తానేదో పెళ్ళిచూపుల్లో ఉన్నంత గుసగుసగా, పాత పుస్తకం తీసి చేత్తో రాయమని చెప్పి పెట్టేశాడు. అక్కణ్ణించి మొదలైంది. ఈత కళ్ళజోడు పోయిందని ఒక తండ్రి వచ్చి, దాన్ని కొలను మింగేసిందని, కొలను ఖాళీ చేయించి చూపించమని పట్టుబట్టాడు. ఒకావిడ, తన కొడుకుని పసిపిల్లల బ్యాచిలో వేశారని, వాడు ఈత రాక మునిగింది నిజమే గాని పెద్దవాళ్ళ పద్ధతిలో మునిగాడని వాదించింది. ఫోను మోగుతూనే ఉంది. వాన పడుతోంది కదా, ఈతకి వస్తే పిల్లాడు తడవడు కదా అని ఒకాయన అడిగాడు. ఉడత తల్లి నవ్వింది, క్షమించమంది, కాసేపు ఆగమంది. ఒకరిద్దరి దగ్గర వరస తప్పి ముందు ఆగమని, తర్వాత నవ్వింది. దానికీ ఒక ఫిర్యాదు వచ్చింది.

ఆ గోలలో ఒక్క మనిషి మాత్రం నోరెత్తలేదు. కుర్చీల వరసలో చివరి దాంట్లో, గాజుగోడకి ఎదురుగా, ఒకావిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వయసు ఇంతని చెప్పలేం. ఎక్కడో చూసిన ముఖంలా ఉంది, చూపు తిప్పుకోగానే గుర్తు రాని ముఖంలా కూడా ఉంది. మధ్యలో సందు దొరికి, తమరికేం కావాలని ఉడత తల్లి అడిగితే, ఆవిడ మెత్తగా చెయ్యి ఊపింది.

"పర్లేదండీ. ముందు వాళ్ళని చూడండి. నేను ఆగుతాను."

ఉడత తల్లికి ఆ మనిషి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. లోకంలో ఇలాంటివాళ్ళు నలుగురుంటే ఉద్యోగాలు ఇంత కష్టమయ్యేవి కావనుకుంది.

ఉడత మొదటిసారి వచ్చి జడ బిగించమంది. తల్లి ఫోను భుజానికి ఆన్చి, అవతలివాళ్ళకి క్షమాపణ చెబుతూ, ఇవతల రబ్బరు బ్యాండు తిప్పి పంపించింది. రెండోసారి వచ్చి, నాలుగున్నర గుర్తుందా అని అడిగింది. ఉంది అన్నట్టు తల ఊపింది తల్లి. ఆ తల ఊపడం ఎదురుగా ఉన్న కళ్ళజోడు తండ్రి తన వాదనకి ఒప్పుకోలు అనుకున్నాడు. దాన్ని సరిచేసేసరికి పది నిమిషాలు పట్టింది.

నాలుగు కావస్తుండగా బయటికి వచ్చే బ్యాచి, లోపలికి వెళ్ళే బ్యాచి గుమ్మంలో ఎదురుపడ్డాయి. కౌంటరు మీదంతా చేతులే. చిన్న చేతులు, వాటి పక్కన పెద్ద చేతులు. ఆమె ముఖాలు చూడటం మానేసింది. చిన్న చేతికి పట్టీ, పెద్ద చేతికి చీటీ, పుస్తకంలో పేరు. పేరేంటి, వెంట వచ్చిందెవరు, అమ్మ, నాన్న, తాతయ్య, తర్వాతివాళ్ళు రండి. పక్కనుంచి ఎవరో అమ్మా అని పిలిచారు. ఆ సాయంత్రం అమ్మా అనని పిల్ల ఆ హాల్లో లేదు. తల ఎత్తకుండానే, కాగితం నేర్పిన గొంతుతో, లైన్లో రండమ్మా అంది. లైను కదులుతూనే ఉంది. ఒక పేరు రాస్తూ ఎక్కడో విన్నట్టుందే అనుకుంది. అనుకుని, తర్వాతి చేతికి పట్టీ బిగించింది.

ఆ తర్వాత వచ్చాడు మీసాల తాత. మూడింటి బ్యాచిలో మనవడు, చేతిలో వానకి ముద్దయిన కాగితం. అంకె చెరిగిపోయింది. చీటీ చదివే వీల్లేదు కాబట్టి ఫారం నింపాలంది ఆమె. ఆయన మీసం ఎత్తి చూపించి, మనవణ్ణి పిలిపించి వాడి ముక్కు తన ముక్కు పక్కన పెట్టి చూసుకోమన్నాడు. ముక్కులు చెల్లవంది. చుట్టూ నవ్వులు. ఫారంలో మూడు చోట్ల సంతకం పెట్టించి, పిల్లాడి చేత ఈయన మా తాతయ్యే అని అనిపించి, అప్పుడు పంపింది. రూలు నిలబెట్టానన్న తృప్తితో గడియారం చూస్తే ఐదుకి పది నిమిషాలు తక్కువ.

గిర్రున వెనక్కి తిరిగింది. గాజు అవతల పరుపులు జరుపుతున్నారు. పల్టీలు అయిపోయాయి. ఉడత చెమట ముఖంతో, నవ్వుతూ, ఇటే చూస్తూ చెయ్యి ఊపుతోంది. హమ్మయ్య, అలగలేదు అనుకుని ఆమె కూడా చెయ్యి ఊపింది. ఉడత కళ్ళు ఆమె మీద లేవు. ఆమె భుజం పైనుంచి వెనక్కి వెళ్తున్నాయి. ఆ చూపు వెంటే మెల్లగా తిరిగింది. చివరి కుర్చీలో ఆవిడ, అదే నవ్వుతో, చెయ్యెత్తి ఉంది.

నేల తుడిచే బాబాయి అప్పుడే అటు వచ్చాడు. వాన రోజుల్లో ప్రతి చెప్పు ముద్రనీ తనకి జరిగిన అవమానంగా తీసుకునే మనిషి ఆయన. ఆ చివరావిడ ఎవరని గొంతు తగ్గించి అడిగింది. ఆయన అటు చూడలేదు. తుడిచినచోటే రెండుసార్లు తుడిచాడు. ఈ హాల్లో నాకు పని పెట్టని మనిషి ఆవిడొక్కతే, గుమ్మం నుంచి ఆ కుర్చీదాకా చూడు, అన్నాడు. ఆమె చూసింది. మిగతా నేలంతా బురదే. ఆ కుర్చీ వైపు మాత్రం ఒక్క తడి మచ్చ లేదు. బయట వాన రెండింటి నుంచీ ఆగలేదు.

బాబాయి చెప్పిందంతా మామూలు గొంతుతోనే చెప్పాడు. తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాడు. నీకు ముందు ఇద్దరు కౌంటరువాళ్ళు, ముగ్గురు మేనేజర్లు మారారు, ఆవిడ మారలేదు. వాన పడిన రోజు వస్తుంది. మాట తూలదు. మూసేవేళకి చూస్తే ఉండదు. దేనికోసమని ఆమె అడిగితే, పిల్ల కోసమన్నాడు.

"మరి ఆవిడ దగ్గర చీటీ లేదు కదా. చీటీ లేనిదే ఇవ్వం. రూలు దాటే మనిషి కాదమ్మా, అందుకే ఆగుతుంది." అంటూండగా ఆయన చేతిలో కర్ర ఆగింది. "నువ్వు గాని ఇవ్వలేదు కదా?"

నేనెందుకిస్తాను అనబోయి ఆమె పుస్తకం తెరిచింది. నాలుగింటి బ్యాచి. వేలు కిందికి జరుపుకుంటూ వెళ్ళింది. ముప్పై ఐదు, ముప్పై ఆరు. ముప్పై ఏడు దగ్గర వేలు ఆగింది. పిల్ల పేరు: ఉడత. వెంట వచ్చినవారు: అమ్మ. దస్తూరి తనదే. తన చేత్తోనే రాసింది, తన చేత్తోనే పట్టీ బిగించింది, చీటీ తీసి పక్కనున్న పెద్ద చేతిలో తానే పెట్టింది. కన్నకూతురి మణికట్టు పట్టుకుని కూడా గుర్తు పట్టలేదు.

లోపలికి ఫోను చేసింది. కోచ్ ఎత్తి, పిల్లలు అంకెల వరసలో నిలబడి ఉన్నారని, ఒక్కొక్కరినీ పిలవమని, ఉడత ఇవాళ పట్టీ వేసుకొచ్చి బుద్ధిగా వరసలో నిలబడిందని చెప్పి పెట్టేశాడు. మేనేజరుకి చేసింది. ఎవరో ఒకావిడ తన పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చిందని చెప్పబోతే, తీసుకెళ్ళడానికేగా వస్తారు, కౌంటరు మాత్రం వదలకండి అన్నాడాయన. ఐదింటి గంట మోగింది. కుర్చీలన్నీ ఒక్కసారిగా లేచాయి. లైను కట్టారు. ఆవిడ కూడా లేచింది. ఎవరినీ తోసుకోకుండా, నాలుగో మనిషిగా నిలబడింది.

మొదటి ముగ్గురిని ఎంత నెమ్మదిగా పంపగలదో అంత నెమ్మదిగా పంపింది. పసిపిల్లల బ్యాచి తల్లి మళ్ళీ తగాదా పెట్టుకుంటే బాగుండునని మనసారా కోరుకుంది. ఎప్పుడూ లేనిది ఆ తల్లి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. కౌంటరు మీదకి ఒక చెయ్యి వచ్చింది. పొడిగా ఉంది. చీటీ కూడా పొడిగా, మడత లేకుండా ఉంది.

"ముప్పై ఏడు అండీ."

ఉడత తల్లి ఆ సాయంత్రం మొదటిసారి ఒక మనిషి ముఖంలోకి సూటిగా చూసింది. ఆ కళ్ళలో కోపం లేదు, దురాశ లేదు. చాలాసేపు ఆగినవాళ్ళకి ఉండే అలసట ఉంది.

"ఆ పాప నా కూతురండీ" అంది.

"తెలుసండీ. మూడుసార్లు వచ్చింది మీ దగ్గరికి. మూడోసారి లైన్లో రమ్మన్నారు. ఒక్కతే నిలబడితే నేనే వెళ్ళి తోడు నిలబడ్డాను." ఆవిడ గొంతు ఇంకా తగ్గించింది, నలుగురిలో పరువు తీయకూడదన్నట్టు. "పల్టీ చూశారా?"

అబద్ధం చెప్పాలని నోరు తెరిచింది. రాలేదు.

"లేదు."

"నేను చూశాను. మొదటిసారి మోకాలు వంగింది. మీ వైపు చూసి మళ్ళీ కొట్టింది. రెండోసారి చక్కగా దిగింది. ఎవరైనా చూశారా అని వెతుక్కుంది, చెయ్యెత్తాను." కత్తెరని వేలితో కొంచెం ముందుకి జరిపింది. "కత్తిరించి ఇవ్వండి. మీ రూలే కదండీ."

లైన్లో వెనకాల గొణుగుడు మొదలైంది. చీటీ ఉంది కదా, ఇవ్వడానికేం రోగం అన్నారెవరో. మీసాల తాతని నిలబెట్టినప్పుడు నవ్వినవాళ్ళే వాళ్ళంతా. ఉడత తల్లి పుస్తకం వైపు చూసింది, కత్తెర వైపు చూసింది, నాలుగు మాటల కాగితం వైపు చూసింది. ఇంత న్యాయంగా తనని ఎవరూ ఎప్పుడూ ఓడించలేదు. వాదించడానికి ఒక్క మాట లేదు. అందుకని వాదించలేదు. ఒంటి మీది ఉద్యోగపు ఆకుపచ్చ కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించింది. కౌంటరు పక్కనున్న మడత పలక ఎత్తి బయటికి వచ్చింది.

మేడమ్, మేం లైన్లో ఉన్నామని ఎవరో అరిచారు. ఆమె గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. పిల్లలు అంకెల వరసలో గోడవారగా నిలబడి ఉన్నారు. ఉడత వరస తప్పలేదు.

"రావే, పోదాం."

"నీ దగ్గర చీటీ లేదుగా." అలిగిన గొంతు కాదు. నిజం చెప్పే గొంతు. "ఆవిడ దగ్గరుంది. నేను చూశాను."

కత్తెర కౌంటరు మీదే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ అటు వెళ్తే తిరిగి రాలేనని ఎందుకో గట్టిగా అనిపించింది. మోకాళ్ళ మీద కూర్చుని కూతురి చెయ్యి అందుకుంది, పట్టీని పళ్ళ మధ్య పెట్టుకుని కొరికింది. నలభై మంది పిల్లలూ నోళ్ళు తెరుచుకుని చూశారు. ప్లాస్టిక్కు సాగింది గాని తెగలేదు. పళ్ళ చిగురు చీరుకుని నోరు రక్తంతో ఉప్పగా అయింది. చక్కిలిగింతకి ఉడత ఒకసారి కిసుక్కుమని, తల్లి ముఖం చూసి ఆపేసింది. ఆ తర్వాత రెండో చెయ్యి తల్లి తల మీద వేసింది.

"ఇంకొంచెం అమ్మా. ఒక పక్క తెగుతోంది."

పట్టీ తెగి పడింది. దాన్ని అక్కడే వదిలేసి, ఉడత చెయ్యి పట్టుకుని, వెనక వైపు తలుపు గుండా వానలోకి నడిచింది. తలుపు మూసుకునేముందు ఒక్కసారి గాజులోంచి కౌంటరున్న ముందు హాలు కనిపించింది. కుర్చీ ఖాళీగా ఉండకూడదు కదా. ఆవిడ పలక ఎత్తి లోపలికి వచ్చింది. ఆకుపచ్చ కోటు తొడుక్కుని, బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుని కూర్చుంది. ముందుకి వంగి, తర్వాతి మనిషిని చెప్పండి అన్నట్టు చూసింది. లైను బుద్ధిగా కదిలింది. గొణుగుడు ఆగిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో ఉడత తండ్రికి సగం చెప్పింది. ఆ సగమే ఆయనకి ఎక్కువైంది, జ్వరమేమోనని నుదురు ముట్టి చూశాడు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, ఉడత పక్కనే కూర్చుని పాలు తాగుతుండగా, మేనేజరుకి ఫోను చేసింది. పని మానేస్తున్నానని చెప్పడానికి మాటలు కూర్చుకుని మరీ చేసింది. ఆయన ఆమెని మాట్లాడనివ్వలేదు. నిన్న సాయంత్రం మీ గురించి ఏడుగురు మెచ్చుకుంటూ ఫోను చేశారన్నాడు. ఎంత ఓపిక, ఎంత మర్యాద అన్నారట. కళ్ళజోడు తండ్రి కూడానట. ప్రతి పిల్లా సరైన చేతికి చేరిందట.

"అది నేను కాదు సార్. నేను మధ్యలోనే ఇంటికొచ్చేశాను. ఇప్పుడూ ఇంట్లోనే ఉన్నాను."

"పొద్దున్నే వేళాకోళమేంటమ్మా?" ఆయన నవ్వాడు. "ఎదురుగా కౌంటర్లో కూర్చుని ఇంట్లో ఉన్నానంటారేంటి? నా గదిలోంచి వీపే కనపడుతున్నా ఆ మాత్రం పోల్చుకోలేనా. అయినా చేతిలో ఫోను లేదే, దేంట్లోంచి మాట్లాడుతున్నారు?"

ఉడత తల్లి కూతురిని దగ్గరికి లాక్కుంది. "పక్కన పిల్లలెవరైనా ఉన్నారా సార్?"

"ఇంత పొద్దున్న పిల్లలెక్కడినుంచి వస్తారు? ఒక్కరే ఉన్నారు. పట్టీలు సర్దుకుంటున్నారు."

"సార్, నా మాట వినండి. ఆవిడ చేతికి ఒక్క చీటీ కూడా వెళ్ళకుండా చూడండి."

"చీటీలు ఇచ్చేదే మీరు కదమ్మా" అన్నాడాయన.

ఆమె గడియారం చూసింది. మొదటి బ్యాచికి ఇంకా నలభై నిమిషాలు ఉన్నాయి. ఉడతని తండ్రి పక్కన కూర్చోబెట్టి, నేనొచ్చేదాకా దాని చెయ్యి వదలొద్దని చెప్పి, చెప్పులు వెతుక్కుంది.